మిద్దె మీద పర్పుల్ కోన్‌ఫ్లవర్: ఆకులే ఆకులు, మొగ్గ జాడ లేదు

నాగోల్ నందివర్ధనం
జనవరి 9
అందరికీ నమస్తే. మాది నాగోల్, మిద్దె మీద ఓ పాతిక ముప్ఫై కుండీలు ఉంటాయి. మా ఆడపడుచు వాళ్లు ఉండేది ఒహాయోలో, వాళ్లింటి ముందు నడుము ఎత్తున గుబురుగా ఊదారంగు పూలు చూసిన దగ్గర్నుంచి ఈ పర్పుల్ కోన్‌ఫ్లవర్ మీద మనసు పడింది, అదే ఎకినేషియా అంటారు కదా. వినాయక నిమజ్జనం అయ్యాక గింజలు వేశాను, బాగానే మొలిచాయి, పన్నెండు అంగుళాల కుండీల్లోకి మార్చాను. ఇప్పుడు సంక్రాంతి వచ్చేస్తోంది, ఆకులు చూస్తే బారుగా, గరుగ్గా, ముదురు ఆకుపచ్చగా కుండీ అంతా పరుచుకున్నాయి, కానీ నడిమి నుంచి కాడ లేవనే లేవదు. పక్కన అదే రోజు నాటిన చామంతులు పూసి వాడిపోయి నేను కత్తిరించడం కూడా అయిపోయింది. ఎండ పొద్దున ఎనిమిది నుంచి మూడింటి దాకా పడుతుంది, నెలకోసారి వర్మీ కంపోస్ట్ వేస్తున్నా. మా అత్తగారు రోజూ బట్టలు ఆరేయడానికి పైకొచ్చి "ఈ ఆకు పప్పులో వేసుకోవచ్చా" అని అడుగుతున్నారు. ఎవరైనా హైదరాబాద్‌లో దీన్ని పూయించిన వాళ్లు ఉన్నారా?

కూకట్‌పల్లి కుండీలు
జనవరి 9
ఎరువు ఎక్కువైంది అక్కా. నత్రజని ఎక్కువైతే ఏ మొక్కైనా ఆకు మీదే పడుతుంది. వర్మీ ఆపేసి ఒకసారి బోన్ మీల్ వేసి చూడండి, అరటి తొక్కల నీళ్లు కూడా పోయండి.

బంతి పూబంతి
జనవరి 9
అరటి తొక్కల నీళ్లు ప్రతి జబ్బుకీ మందు అయిపోయింది ఈ గ్రూపులో 😄 ముందు అది కోన్‌ఫ్లవరేనా అని చూడండి. నేను ఆన్‌లైన్‌లో కొన్న ప్యాకెట్ మీద బొమ్మ కోన్‌ఫ్లవర్, లోపల గింజలు మాత్రం నల్లగా, సన్నగా, సూదుల్లా కొద్దిగా వంకర తిరిగి ఉన్నాయి. అవి కాస్మాస్ గింజలు. అమ్మిన వాళ్లకి ఫోటో పెడితే "మొలిచాక చూడండి మేడమ్" అని జవాబు. జిన్నియా గింజైతే బాణం మొనలా పల్చగా ఉంటుంది. కోన్‌ఫ్లవర్ గింజ గోధుమ తెలుపులో, పొట్టిగా, పలకలు తేలి ఉంటుంది, ఒక కొస సన్నగా ఉంటుంది, గోటితో నొక్కితే గట్టిగా తగులుతుంది. మీవి ఎలా ఉన్నాయో గుర్తుందా?

నాగోల్ నందివర్ధనం
జనవరి 10
గుర్తుంది, మీరు చెప్పినట్టే పలకలుగా ఉన్నాయి. ఆడపడుచు పంపిన గింజలే కాబట్టి మోసం అయ్యే చాన్స్ లేదు. ఆకు అంచుకి చిన్న పళ్లు ఉన్నాయి, పైన చెయ్యి పెట్టి రాస్తే గరుకు కాగితంలా ఉంటుంది.

రాజేంద్రనగర్ మాస్టారు
జనవరి 10
అమ్మా, మొక్క సరైనదే, ఎరువు కూడా పెద్ద సమస్య కాదు. మీ దగ్గర తక్కువైంది పగలు. ఎండ గురించి కాదు నేను చెప్పేది, పగటి పొడుగు గురించి.

ఈ మొక్క పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాలు. అక్కడ వేసవిలో పొద్దు పద్నాలుగు, పదిహేను గంటలుంటుంది, అప్పుడే ఇది పూస్తుంది. పగలు 13 నుంచి 15 గంటలుంటే చక్కగా మొగ్గ వేస్తుంది, అంతకంటే బాగా తగ్గితే ఇలాగే నేలకు అంటుకుని ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. మన హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం పైచిలుకులో. డిసెంబరులో మన పగలు పదకొండు గంటలు, జూన్‌లో ఎంత సాగినా పదమూడు గంటల పది నిమిషాలు. అంటే మన దగ్గర ఏడాదిలో దానికి అనుకూలమైన రోజులు వేసవి చుట్టూ కొన్నే, అవి కూడా బొటాబొటీ. ఆ రోజులొచ్చేసరికి ఎండ నలభై దాటుతుంది. దాని టైమ్ వచ్చినప్పుడు మన వాతావరణం ఒప్పుకోదు, మన వాతావరణం బాగున్నప్పుడు దాని టైమ్ కాదు. గొడవంతా ఇదే.

మీ చామంతి దీనికి పూర్తిగా రివర్స్. దానికి పగలు తగ్గితేనే మొగ్గ. అందుకే చామంతి సాగు చేసేవాళ్లు కొందరు పూత ఆలస్యం చేసి మంచి రేటుకు అమ్ముకోవడానికి రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగిస్తారు, బెంగళూరు రోడ్డు మీద రాత్రి బస్సులో వెళ్తే ఆ పొలాలు కనిపిస్తాయి. మీరు అదే పని కోన్‌ఫ్లవర్‌కి చేయండి, ఫలితం తల్లకిందులుగా వస్తుంది, పూత ముందుకొస్తుంది. కుండీలకు నాలుగైదు అడుగుల ఎత్తున తొమ్మిది వాట్ల పసుపు కాంతి బల్బు ఒకటి కట్టి, రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా వెలిగించండి. తెల్లవార్లూ అక్కర్లేదు. పొడుగు రాత్రిని మధ్యలో విరగ్గొడితే చాలు, మొక్క దాన్ని చిన్న రాత్రి కిందే లెక్కేసుకుంటుంది. టైమర్ ప్లగ్గు దొరుకుతుంది, అది పెట్టుకుంటే మీరు లేవక్కర్లేదు. కాడ లేచి మొగ్గ స్పష్టంగా కనిపించేదాకా ఆపొద్దు. పువ్వు విచ్చుకోవడానికి రెండు నెలల పైమాటే, కాబట్టి ఈ వారమే మొదలుపెడితే మార్చిలో చూస్తారు, ఎండలు ముదరకముందే.

కూకట్‌పల్లి కుండీలు
జనవరి 10
మాస్టారూ సూపర్. అరటి తొక్కల సంగతి వెనక్కి తీసుకుంటున్నా 🙏 కానీ రాత్రంతా లైటంటే కరెంటు బిల్లు?

రాజేంద్రనగర్ మాస్టారు
జనవరి 10
తొమ్మిది వాట్లు, నాలుగు గంటలు. నెలంతా కలిపినా యూనిట్ పైన కొంచెం. మీ ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ అంతకంటే ఎక్కువ తాగుతుంది.

సైనిక్‌పురి సాయంత్రం
జనవరి 11
ఒక్క నిమిషం. నాకు ఏ బల్బూ లేకుండానే పూసింది. నేల మీద, ఇంటికి తూర్పు వైపు, మామిడి చెట్టు నీడ మధ్యాహ్నం పడే చోట. ఏప్రిల్ చివర్లో కాడ లేచింది, జూన్‌లో మొదటి వానలు పడ్డాక పూసింది. కాబట్టి లైట్ తప్పనిసరి అంటే నేను ఒప్పుకోను, మనం ప్రతిదానికీ ఏదో ఒక సామాను కొనిపించే దశకు వచ్చేశాం.

రాజేంద్రనగర్ మాస్టారు
జనవరి 11
మీరు చెప్పింది నేను చెప్పినదానికి సాక్ష్యమే కదండీ. ఏప్రిల్ చివరికి మన పగలు పన్నెండున్నర దాటుతుంది, పైగా సూర్యుడు రాకముందూ పోయాకా ఉండే మసక వెలుతురు కూడా మొక్క లెక్కలోకి వస్తుంది. అప్పుడు కాడ లేచింది. మీకు మామిడి నీడ, నేల చల్లదనం ఉన్నాయి కాబట్టి మే నెల దాటించింది. మిద్దె మీద స్లాబు వేడికి, నల్ల గ్రో బ్యాగులో వేరు ఉడికిపోయే చోట అంత ఓపిక ఉండదు దానికి. నేల ఉన్నవాళ్లు మీ పద్ధతిలో వెళ్లొచ్చు, బల్బు అక్కర్లేదు.

సైనిక్‌పురి సాయంత్రం
జనవరి 11
అలా అంటే ఓకే. అయినా రంగు మాత్రం జూన్ పువ్వుది కాస్త వెలిసినట్టే ఉండింది, ఫోటోల్లో చూసే ఆ ముదురు గులాబీ ఊదా రాలేదు. ఆగస్టు కల్లా మొక్క పోయింది కూడా.

ఎర్రమట్టి
జనవరి 12
ఆగస్టులో పోయింది అన్నారు కదా, అసలు కథ అక్కడుంది. ఇది ఎండకు చచ్చే మొక్క కాదు అన్నా, నీళ్లకు చచ్చే మొక్క. వేరు పట్టాక రెండు మూడు రోజులు నీళ్లు పోయకపోయినా తట్టుకుంటుంది, సాయంత్రానికి ఆకు వాల్చినా పొద్దునకి లేస్తుంది. కానీ ముసురు పట్టి వారం రోజులు కుండీ తడిగా ఉందంటే మొదలు మెత్తబడి, ఆకు పట్టుకుని లాగితే కాడతో సహా ఊడి చేతికి వస్తుంది, వాసన కూడా వస్తుంది. అప్పుడు ఇక ఏం పోసినా లాభం లేదు. మన దగ్గర నర్సరీ వాళ్లు ఇచ్చే ఎర్రమట్టి వానకి పిడచకట్టి సిమెంటు ముద్ద అవుతుంది (నా పేరు చూసి మోసపోకండి, ఎర్రమట్టి మీద నాకు ప్రేమేం లేదు). నేను వేసేది: ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీయో ఒక పాలు, దానికి గుప్పెడు వేపపిండి. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మాత్రం తక్కువ, అది నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, జులైలో అదే కొంప ముంచుతుంది. మొదలు మట్టిలో పూడ్చొద్దు, ఆకులు పుట్టే చోటు మట్టి పైకే ఉండాలి. ట్రైకోడెర్మా పొడి (వేరు కుళ్లును అడ్డుకునే మేలు చేసే బూజు) ఉంటే ఎరువులో కలిపి వారం మాగబెట్టి వేయండి. వానాకాలంలో కుండీల కింద పళ్లేలు తీసేసి ఇటుకల మీద పెట్టండి, వీలైతే సజ్జా కిందికి జరపండి.

ఇంకోటి, ఆ సీజన్లో రాత్రి టార్చి వేసుకుని ఒక రౌండు తిరగండి. నత్తలు లేత ఆకును జల్లెడ చేస్తాయి. మా వైపు ఆ పెద్ద ఆఫ్రికా నత్తలు ఉన్నాయి, ఏరి ఉప్పు నీళ్ల బకెట్లో వేయడమే, వట్టి చేత్తో మాత్రం ముట్టుకోకండి.

అత్తాపూర్ అమ్మమ్మ
జనవరి 12
నాకో డౌటు. ఇది పెరెన్నియల్ అంటారు, ఏళ్ల తరబడి ఉంటుందని. మరి మీరంతా సీజన్ మొక్కలా మాట్లాడుతున్నారు?

రాజేంద్రనగర్ మాస్టారు
జనవరి 12
అక్కడ బహువార్షికమేనండి. శీతాకాలం గడ్డ కట్టే చలిలో పైన అంతా ఎండిపోతుంది, వేరు మంచు కింద నిద్రపోతుంది, వసంతంలో మళ్లీ చిగురేస్తుంది. మన దగ్గర ఆ నిద్ర దొరకదు. దొరక్కపోగా దానికి చావుగండం వానాకాలంలో వస్తుంది. నా మాట వింటే దీన్ని పెటూనియా, డయాంథస్‌లా చూడండి, సెప్టెంబరు అక్టోబరుల్లో గింజ వేయడం, ఎండలు ముదిరేలోపు పూలు చూడటం, గింజ తీసిపెట్టుకోవడం. వానాకాలం దాటి బతికితే అది మీ అదృష్టం, దాని కోసం టెన్షన్ పడకండి. అరకులోనో ఊటీలోనో ఇల్లున్న వాళ్లు ఏళ్ల తరబడి ఆశ పెట్టుకోవచ్చు.

బంతి పూబంతి
జనవరి 12
ఇంత తంటా ఎందుకండీ, గైలార్డియా వేసుకోండి. అది కూడా అమెరికా మొక్కే, ఇదే కుటుంబం, మే నెల ఎండలో కూడా నవ్వుతూ ఉంటుంది, సీతాకోకచిలుకలూ వస్తాయి.

నాగోల్ నందివర్ధనం
జనవరి 12
గైలార్డియా ఉంది మా ఇంట్లో. అది ఉంది కదా అని ఇది వద్దనుకోలేం కదండీ, చీరల్లాగా 😀 ఇవాళే బల్బు కట్టించాను. దండెం తీగకే వేలాడదీశాం. టైమర్ మల్కాజిగిరిలో మా తమ్ముడు పంపుతానన్నాడు, అప్పటిదాకా మా అబ్బాయి రాత్రి రెండింటి దాకా ఎలాగూ ఫోన్ చూస్తుంటాడు కాబట్టి ఆపే డ్యూటీ వాడిది.

కూకట్‌పల్లి కుండీలు
జనవరి 14
పక్కింటి వాళ్లు ఏమన్నారు?

నాగోల్ నందివర్ధనం
జనవరి 15
ఎదురింటి అంకుల్ అడిగారు, "రాత్రిపూట మిద్దె మీద ఎవరైనా ఉంటున్నారా" అని. మొక్కలకి అంటే నమ్మలేదు. దొంగల భయం అని చెప్పాను, వెంటనే అర్థం చేసుకున్నారు.

ఉప్పల్ ఉదయం
జనవరి 18
నేను ఈసారి మొదటిసారి వేద్దామనుకుంటున్నా. గింజలు ఫ్రిజ్‌లో పెట్టాలంటున్నారు, నిజమేనా? గింజలెక్కడ దొరుకుతాయి, నర్సరీ మేళాలో అడిగితే లేదన్నారు.

బంతి పూబంతి
జనవరి 18
మామూలు నర్సరీల్లో దొరకడం కష్టం, కడియం నుంచి వచ్చే లారీల్లో కూడా నాకు కనపడలేదు. తెలిసిన వాళ్ల దగ్గర గింజ తీసుకోవడమే మేలు. ఫ్రిజ్ విషయం, పెడితే మంచిది, పెట్టకపోతే మొలవవని కాదు. తడి చేసి గట్టిగా పిండిన కోకోపీట్‌లో గింజలు కలిపి జిప్ కవర్లో వేసి, కింద కూరగాయల అరలో మూడు నాలుగు వారాలు. డీప్ ఫ్రీజర్‌లో కాదు! తర్వాత ట్రేలో పైపైన వేసి చిటికెడు మట్టి చల్లితే చాలు, లోతుగా పూడ్చొద్దు, వెలుతురు తగిలితే బాగా మొలుస్తాయి. పది రోజుల నుంచి మూడు వారాల్లో అన్నీ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టకపోతే ఇవాళ ఒకటి, వచ్చే వారం రెండు అన్నట్టు వస్తాయి, అదే తేడా. కవర్ మీద పేరు పెద్దగా రాయండి, మా ఇంట్లో "ఏదో కుళ్లిపోయింది" అని మా అత్త చెత్తబుట్టలో వేసేసింది.

అత్తాపూర్ అమ్మమ్మ
జనవరి 18
అత్తలనే అంటారేం అందరూ. మా కోడలు నా మెంతుల మొలకలు పారేసింది, ఆ ముక్క ఎవరూ రాయరు.

ఉప్పల్ ఉదయం
జనవరి 19
థాంక్స్ అక్కా. ఇంకోటి, దీని వేరుతో, పువ్వుతో టీ చేసుకుంటే జలుబు రాదంటారు. మా నాన్నగారికి ఆయాసం ఉంది, ఆయన కోసం కూడా అనుకుంటున్నా.

రాజేంద్రనగర్ మాస్టారు
జనవరి 19
బాబూ, దయచేసి ఆ పని చేయకండి. అమెరికా ఆదివాసీలు దీన్ని మందుగా వాడిన మాట నిజం, ఇప్పుడు బయట మాత్రలు అమ్మేదీ నిజం. జలుబు మీద పని చేస్తుందా అని చాలా పరీక్షలే చేశారు, ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. దానికంటే ముఖ్యమైన సంగతి, ఇది వయ్యారిభామ కుటుంబం మొక్క. వయ్యారిభామ పడక దద్దుర్లు, ఆయాసం వచ్చే వాళ్లు మన ఊళ్లో ఎంతమందో మీకు తెలుసు, ఖాళీ ప్లాటు ఉంటే చాలు అదే మొలుస్తుంది. ఆ కుటుంబం పడని వాళ్లకి ఇదీ పడకపోవచ్చు. అందులోనూ ఆయాసం ఉన్న పెద్దాయన. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవాళ్లు కూడా దీని జోలికి పోకూడదు. డాక్టరును అడగకుండా ఏదీ ఇవ్వొద్దు, పువ్వు చూసుకుని సంతోషపడండి.

ఎర్రమట్టి
జనవరి 19
+1. పైగా మనం వేపనూనె, ఇంకా ఏవేవో కొట్టిన మొక్క అది.

నాగోల్ నందివర్ధనం
ఫిబ్రవరి 21
అప్‌డేట్! కాడ లేచింది!! ఒకటి కాదు, రెండు కుండీల్లో లేచాయి. కాడ గట్టిగా, నూగుతో, అక్కడక్కడా ఎర్రటి గీతలతో ఉంది. కొసన మొగ్గ చూస్తే పువ్వులాగే లేదు, చొక్కా బొత్తాం అంత పచ్చటి బిళ్ల, చుట్టూ చిన్న చిన్న ఆకుల కాలరు. బల్బుకి దూరంగా మూలన ఉన్న కుండీలో మాత్రం ఇంకా ఆకులే. మాస్టారూ, మీ మాట నిజమని ఆ మూల కుండీ ఒక్కటి చాలు.
ఇక ఇప్పుడు సమస్య: కాడ మీద మొగ్గ కింద నల్లగా పేనుబంక పట్టింది, చీమలు పైకీ కిందకీ తిరుగుతున్నాయి.

ఎర్రమట్టి
ఫిబ్రవరి 21
ముందు పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి, సగం పోతాయి. తర్వాత లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వారానికోసారి. పూలు విచ్చాక కొట్టకండి, తేనెటీగలు వస్తాయి.

కూకట్‌పల్లి కుండీలు
ఫిబ్రవరి 22
ఇప్పుడు బల్బు ఆపేయొచ్చా?

రాజేంద్రనగర్ మాస్టారు
ఫిబ్రవరి 22
ఆ రెండింటికీ ఆపొచ్చు. మూల కుండీని బల్బు కిందికి జరపండి, ఇంకో నెల చూద్దాం.

నాగోల్ నందివర్ధనం
మార్చి 24
పూసింది. ఫోటోలు పెట్టాను చూడండి. దగ్గర కూర్చుని రోజూ చూశాను కాబట్టి రాస్తున్నా: ముందు ఆ పచ్చబిళ్ల చుట్టూ సన్నటి పచ్చ రేకులు నిటారుగా లేచాయి, వాటికి కొసల నుంచి గులాబీ ఎక్కుతూ వచ్చింది, రేకులు పొడుగై పక్కకి విచ్చి, ఇప్పుడు కొద్దిగా కిందికి వాలాయి. నడిమి గుండ్రం పైకి ఉబ్బింది, నిండా నారింజ రంగు ముళ్లు, చెయ్యి పెడితే గుచ్చుకుంటాయి. ఆ ముళ్ల మధ్య అసలు చిన్న పూలు అంచు నుంచి మొదలుపెట్టి వరసలు వరసలుగా లోపలికి విచ్చుకుంటున్నాయి, ఇవాళ ఒక వలయం పసుపు పుప్పొడితో ఉంటే ఎల్లుండికి దాని లోపలి వలయం. తేనెటీగలు ఆ వలయం మీదే గుండ్రంగా తిరుగుతాయి. మా అత్తగారు పప్పు మాట ఎత్తడం లేదు, ఒకటి కోసి దేవుడికి పెట్టొచ్చా అంటున్నారు.

సైనిక్‌పురి సాయంత్రం
మార్చి 24
రంగు అదిరింది. నా జూన్ పువ్వు కంటే ముదురుగా ఉంది, ఒప్పుకుంటున్నా. ఏప్రిల్ రాగానే షేడ్ నెట్ కట్టేయండి, మధ్యాహ్నం ఎండ తగ్గిస్తే ఇంకొన్నాళ్లు ఉంటాయి.

బంతి పూబంతి
మార్చి 25
మూడో ఫోటోలో వెనకాల కుండీ ఏంటి, పువ్వు నడిమి నుంచి పచ్చటి ఆకుల కుచ్చులు వస్తున్నాయే? వెరైటీనా?

నాగోల్ నందివర్ధనం
మార్చి 25
అదే అడుగుదామనుకున్నా. రేకులకి రంగు కూడా రాలేదు, పచ్చగా ముడుచుకున్నాయి. కొత్త రకమేమో అని మురిసిపోతున్నా.

రాజేంద్రనగర్ మాస్టారు
మార్చి 25
మురవకండి అమ్మా, అది ఆస్టర్ ఎల్లోస్ అనే తెగులు లాగా ఉంది. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది, దీపపు పురుగులు రసం పీల్చి ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోస్తాయి. మందు లేదు. ఆ కుండీ మొక్కను వేరుతో సహా పీకి కవర్లో కట్టి పారేయండి, కంపోస్టు డబ్బాలో వేయొద్దు. చామంతి, బంతి పక్కనే ఉంటే వాటికీ పాకొచ్చు. పూల ముద్దలో సన్నటి నల్లి దూరినా అక్కడక్కడా ఇలాంటి కుచ్చులొస్తాయి కానీ, మొత్తం పువ్వు పచ్చబడిందంటే ఆలోచించకండి, పీకేయండి.

నాగోల్ నందివర్ధనం
మార్చి 26
పీకేశాను. బాధేసింది కానీ మిగతావి బాగున్నాయి. మూల కుండీ కూడా మొగ్గ వేసింది, కాబట్టి లెక్క సరిపోయింది.

ఉప్పల్ ఉదయం
మార్చి 26
అక్కా, గింజలు నాకు కొన్ని ఇస్తారా? నాగోల్ మాకు దగ్గరే.

రాజేంద్రనగర్ మాస్టారు
మార్చి 27
గింజ కోసమైతే కనీసం రెండు మొక్కలు ఒకేసారి పూసి ఉండాలి, దీని పుప్పొడి దానికే సరిగా పట్టదు. బయటి రేకులు గింజ కట్టవు, నడిమి ముళ్ల గుండ్రంలోనే ఉంటాయి. ఆ గుండ్రం నల్లబడి, కాడ ఎండేదాకా మొక్కకే ఉంచండి. చేతికి గ్లవ్స్ వేసుకుని నలపండి, ముళ్లు గట్టివి. సంకర రకమైతే పిల్ల మొక్కలు తల్లిలా రావు, మీవి మామూలు రకమే అనుకుంటా, పర్వాలేదు.

నాగోల్ నందివర్ధనం
మార్చి 27
రెండు కుండీలు ఒకేసారి పూశాయి, తేనెటీగలు రెండింటి మీదా వాలుతున్నాయి, కాబట్టి గింజ వస్తుందనే అనుకుంటున్నా. ఉప్పల్ తమ్ముడూ, మే మొదట్లో మెట్రో స్టేషన్ దగ్గర ఇస్తాను. అత్తాపూర్ అమ్మమ్మ గారూ, మీకూ ఒక పొట్లం తీసిపెడతా. కవర్ మీద పేరు మాత్రం పెద్దక్షరాలతో రాయండి, మీ కోడలికి కనపడేలా.

అత్తాపూర్ అమ్మమ్మ
మార్చి 27
రాస్తానమ్మా. ఆ టైమర్ ప్లగ్గు ఎంతకి వచ్చిందో కూడా చెప్పు.